29 తలుపులు తట్టిన మనిషి

బోస్టన్‌లో ఒక యువ డాక్టరు తన మనసు దోచిన అమ్మాయి ఏ భవనంలో ఉంటుందో తెలిసి, ఫ్లాటు నంబరు మాత్రం తెలియక, ఒక్కో తలుపూ తడుతూ పోతాడు. 29 తలుపులు తట్టాక ఆమె గుమ్మం దొరుకుతుంది. కొలీన్ హూవర్ రాసిన ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ నవలను మొదటిసారి చదివినప్పుడు ఈ సన్నివేశం దగ్గర నేను నవ్వుకున్నాను. ప్రేమకథల్లో మగవాడి మొండితనాన్ని ముచ్చటగా చూడటం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. కథంతా తెలిశాక రెండోసారి చదివినప్పుడు అదే పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. ఒక్క రాత్రి పరిచయాలు తనకు సరిపడవని ఆమె అంతకుముందే చెప్పింది. ఆ మాట వినిపించుకోని మనిషి మొదటి నుంచీ మన కళ్ళ ముందే ఉన్నాడు, నేనే చూడలేదు. ఈ నవల బలమంతా, నా దృష్టిలో, పాఠకురాలిని ఇలా పట్టివ్వడంలోనే ఉంది. కథలో మలుపులు దాచిపెట్టి ఈ మాట వివరించడం నా వల్ల కాదు కనుక, ఇంకా చదవనివారు ఇక్కడే ఆగితే మంచిది.

టెక్సాస్‌కు చెందిన హూవర్ ఈ నవలను 2016లో ప్రచురించారు. అసలు ఊపు మాత్రం కొన్నేళ్ళ తరువాత, టిక్‌టాక్‌లో పుస్తకాల గురించి మాట్లాడుకునే యువ పాఠకుల వల్ల వచ్చింది. మన దేశంలో 2020లోనే టిక్‌టాక్‌ను నిషేధించారు కనుక ఆ గాలి మా ఇంటికి ఇన్‌స్టాగ్రామ్ రీళ్ళ మీదుగా వీచింది. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనకోడలు ‘అత్తా, ఇది చదివి ఏడవకపోతే అడుగు’ అని పందెం కట్టింది. ఫుట్‌పాత్ మీద దొరికిన ప్రతి కొన్నాను; వెనక పేజీ అక్షరాలు ముందు పేజీలోకి కనిపించేంత పలుచని కాగితం, నడుమ ఒక పదహారు పేజీలు రెండుసార్లు కుట్టి ఉన్నాయి. అది దొంగ ముద్రణ అని అప్పుడు అర్థమై, తరువాత అసలు ప్రతి తెప్పించుకున్నాను.

కథానాయిక పూర్తి పేరు లిల్లీ బ్లాసమ్ బ్లూమ్. పేరు నిండా పూలే, ఆ పైన ఆమె పెట్టేది పూల దుకాణం! మన దగ్గర మల్లెల పుష్పవల్లి పూలకొట్టు తెరిచిందంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, అయితే రచయిత్రి ఆ హాస్యాన్ని పాత్ర నోటనే పలికించి తప్పించుకుంది. లిల్లీ మెయిన్ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో పెరిగింది. తండ్రి ఆ ఊరికి మేయరు, ఊరందరికీ పెద్దమనిషి, ఇంట్లో మాత్రం భార్యను కొట్టేవాడు. ఆయన అంత్యక్రియలలో, తండ్రి గొప్పతనం గురించి అయిదు మాటలు చెబుతానని మొదలుపెట్టి, ఒక్కటీ చెప్పలేక, చెప్పదలచుకోక, అందరి ముందూ మౌనంగా నిలబడిపోతుంది. ఆ రాత్రి బోస్టన్‌లో ఒక మేడ మీద కూర్చుని ఉండగా న్యూరోసర్జరీలో శిక్షణ పొందుతున్న రైల్ కిన్‌కేడ్ తారసపడతాడు. (పేరు తెలుగులో రాస్తే రైలుబండి గుర్తుకొస్తుంది, ఏం చేయలేం.) అతడు కథలోకి వచ్చీ రావడమే కోపంతో ఒక కుర్చీని పదే పదే తన్నుతూ వస్తాడు. అదీ మనం చూస్తాం. చూసి, ఆసుపత్రిలో ఒక పసివాడు చనిపోయిన బాధలో ఉన్నాడని తెలియగానే అయ్యో పాపం అనుకుంటాం. అందగాడు, చదువుకున్నవాడు, బాధలో ఉన్నవాడు అనే మూడు గుణాలు కలిస్తే కుర్చీని తన్నడం కూడా సున్నితమైన మనసుకు గుర్తుగా కనిపిస్తుందని ఈ నవల చదివేదాకా నాకు తట్టలేదు.

ఈ కథకు సమాంతరంగా లిల్లీ పదిహేనేళ్ళ వయసులో రాసుకున్న డైరీ నడుస్తుంది. అందులో అట్లాస్ ఉంటాడు, వాళ్ళ ఇంటి వెనుక పాడుబడిన ఇంట్లో తలదాచుకున్న పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. ఆ పేజీలు నవలలో అన్నిటికంటే మెత్తగా ఉన్నాయి. తండ్రి కంటబడకుండా ఆ అబ్బాయికి తిండీ బట్టలూ చేరవేయడం, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టీవీ చూడటం, ఇంట్లో తల్లి దెబ్బలు తింటున్నప్పుడు ఆ పిల్ల ఏమి విన్నదీ, ఏమి వినకుండా ఉండాలనుకున్నదీ, అన్నీ ఆడంబరం లేని మాటల్లో ఉంటాయి. అయితే ఆ డైరీ అంతా ఒక టీవీ వ్యాఖ్యాతకు రాసిన ఉత్తరాల రూపంలో ఉండటం మాత్రం నన్ను చివరిదాకా చికాకు పెట్టింది.

ఇక మొదటి దెబ్బ. ఇంట్లో ఇద్దరే ఉన్నారు, కాస్త వైన్ తాగి ఉల్లాసంగా ఉన్నారు. ఓవెన్‌లో పెట్టిన వంట మరిచిపోయిన రైల్, ఉన్నట్టుండి గుర్తొచ్చి, చేతికి గుడ్డ కూడా లేకుండా వేడి గిన్నెను పట్టుకుంటాడు. చెయ్యి కాలుతుంది, గిన్నె కిందపడి ముక్కలవుతుంది. మత్తులో ఉన్న లిల్లీకి నవ్వు ఆగదు. మరుక్షణం ఆమె నేల మీద ఉంటుంది. అతడు తోసేశాడు. ఎంత వేగంగా జరిగిపోతుందంటే, నేను రెండు వాక్యాలు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవవలసి వచ్చింది. ఆ తరువాత పేజీలోనే అతడి క్షమాపణ మొదలవుతుంది: కాలిన చెయ్యి, ఆ చేతి మీదే ఆధారపడిన వృత్తి, క్షణికమైన భయం. నిజం చెప్పాలంటే, ఆ క్షమాపణను లిల్లీ కంటే ముందు నేనే ఒప్పుకున్నాను. నవ్వకుండా ఉండవలసింది కదా అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. యాభై దాటిన దాన్ని, ఇరుగుపొరుగు ఇళ్ళల్లో ఇలాంటివి కళ్ళారా చూసినదాన్ని, నా తల లోంచి ఆ ఆలోచన వచ్చిందంటే అది రచయిత్రి నేర్పే అనాలి. బయటివారు ‘ఇంకా ఎందుకు ఉంది వాడితో?’ అని అడిగే ప్రశ్నకు ఆమె ఉపన్యాసంతో కాక, మనచేతనే వాణ్ణి రెండుసార్లు క్షమింపజేసి జవాబు చెబుతుంది. రెండోసారి మెట్ల దగ్గర జరిగినప్పుడు, నువ్వే పడ్డావని అతడు నమ్మించబోతాడు. మూడోసారి జరిగేది రాయడం నాకు ఇష్టం లేదు, చదవడమే కష్టమైంది.

మనలో చాలామందికి ప్రేమ నవల అంటే వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినదే. పొగరుబోతు కథానాయకుడు, పెద్ద కారు, మాటకు ముందు కోపం, చివరి అధ్యాయంలో ఆ కోపం వెనకాల ఉన్న ప్రేమ బయటపడటం, ఆత్మాభిమానం గల నాయిక అప్పుడు కరగడం. వాటిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. మా అమ్మ, నేను ఆ వారం సంచిక కోసం పోట్లాడుకున్నవాళ్ళమే. కాని కోపం కింద ప్రేమ తప్పకుండా ఉంటుందనే నమ్మకాన్ని ఆ కథలు మాలో నాటాయి. హూవర్ అదే అచ్చులో రైల్‌ను పోసింది. డాక్టరు, ధనవంతుడు, పెళ్ళి వద్దనే బ్రహ్మచారి, ఈ ఒక్క అమ్మాయి కోసం మారినవాడు. మారాడు అనుకున్నచోట సీరియల్ ముగుస్తుంది. ఈ నవల అక్కడ అసలు కథను ఎత్తుకుంటుంది.

అన్నిటికంటే నాకు నచ్చిన పాత్ర లిల్లీ తల్లి. తండ్రిని వదిలి వెళ్ళలేదని ఏళ్ళ తరబడి ఆమె మీద కోపం పెంచుకున్న కూతురు, చివరికి ఆమె దగ్గరకే వచ్చి తన సంగతి చెప్పుకుంటుంది. ‘సర్దుకుపో’ అంటుందేమోనని ఊపిరి బిగబట్టి చదివాను, మన ఇళ్ళల్లో ఆ చోట వినపడే మాట అదే కాబట్టి. ఆ తల్లి వేరే మాట చెబుతుంది. ఎంతవరకు ఓర్చుకోవాలో ప్రతి మనిషికీ ఒక హద్దు ఉంటుందట. జరిగిన ప్రతిసారీ ఉండిపోయి ఆ హద్దును కాస్త కాస్త జరుపుకుంటూ పోతే, చివరికి అది ఎక్కడ ఉందో కూడా కనిపించకుండా పోతుందట. తాను అలా పోగొట్టుకున్నానని చెప్పి, నువ్వు నీ హద్దు కనిపిస్తుండగానే ఆగు అంటుంది. రైల్ చెల్లెలు, లిల్లీ దుకాణంలోనే పనిచేసే అలిసా కూడా దీనికి తీసిపోదు. చెల్లెలిగా అయితే మా అన్నను క్షమించమనే అడుగుతాను, స్నేహితురాలిగా అయితే నువ్వు మళ్ళీ వాడి దగ్గరకు పోతే నీతో మాట్లాడను అంటుంది. ఇంటి ఆడపడుచు నోట ఆ మాట వినడం ఎంతమందికి దక్కుతుంది?

లోపాలు లేవా అంటే ఉన్నాయి, చిన్నవి కావు. తల్లినీ రైల్‌నూ వెంటబెట్టుకుని లిల్లీ భోజనానికి వెళ్ళిన రెస్టారెంటు అట్లాస్‌దే కావడం మరీ సినిమా పద్ధతి. అసలు అట్లాస్ మనిషిగా కాక ఒక మెత్తటి పరుపులాగా కనిపిస్తాడు. ఆమె ఎప్పుడు దూకినా దెబ్బ తగలకుండా కింద సిద్ధంగా ఉంటాడు. సొంత దుకాణం, అండగా నిలిచే తల్లి, ఎదురుచూసే అట్లాస్, ఇన్ని ఉన్న లిల్లీకే బయటపడటం అంత కష్టమైందని చూపడం రచయిత్రి ఉద్దేశమై ఉండవచ్చు. అయినా ఇవేవీ లేనివాళ్ళ దారి ఎలా ఉంటుందో ఈ పుస్తకం తలుపు తీసి చూడదు. ఆమె కేసు పెట్టదు. అంత జరిగాక, తమకు పుట్టిన పసిబిడ్డను రైల్ చేతుల్లో పెట్టి వెళ్ళగలగడం నాకు మింగుడుపడలేదు. మన దగ్గర 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, ఉంటున్న ఇంట్లోనే ఉండే హక్కునూ అడగవచ్చు. చట్టం అనే ఒక మెట్టు ఉందన్న సంగతి అమెరికా కథలోనైనా లీలగా కనిపించి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు తన చేతిలోని తుపాకి పేలి అన్న చనిపోవడమే రైల్ కోపానికి మూలమని చెప్పడం కూడా కాస్త తేలిక దారే. గాయం పడ్డవాళ్ళందరూ కొట్టరు. అదే కథలో అట్లాస్ పడిన బాధలు తక్కువా?

అయినా ముగింపు రచయిత్రి నిలబెట్టుకుంది. ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన కూతురు తండ్రి చేతుల్లో ఉండగా, లిల్లీ అరవదు, నిందించదు. రేపు ఈ పిల్ల వచ్చి, నన్ను ప్రేమించినవాడే నన్ను కొట్టాడు నాన్నా అంటే ఏమి చెబుతావు అని మాత్రం అడుగుతుంది. అతడు చెప్పగల జవాబు ఒక్కటే ఉంది, అది అతడికీ తెలుసు. పందెం నేను ఓడిపోయింది ఇక్కడే.

అమ్మకం తీరు గురించి ఒక మాట చెప్పాలి. పూలరేకుల అట్ట, ప్రేమ నవల అనే ముద్ర చూసి, వారాంతంలో సరదాగా చదువుకుందామని కొన్నవాళ్ళు నాకు తెలిసే ఇద్దరున్నారు; వారిలో ఒకరికి సొంత అనుభవం గుర్తొచ్చి సగంలోనే ఆపేయవలసి వచ్చింది. 2023లో ఈ నవల పేరు మీద ఒక రంగులు వేసుకునే పుస్తకం తెస్తామని ప్రకటించి, పాఠకులు మండిపడటంతో విరమించుకున్నారు. గృహహింస కథకు రంగులు పూసుకోవడం ఏమిటని ఎవరికీ ముందుగా తోచకపోవడమే వింత. 2022లో వచ్చిన రెండో భాగం అట్లాస్ అభిమానుల కోరిక తీర్చడానికి రాసినట్టుంది; అది లేకున్నా మొదటి నవలకు వచ్చే లోటేమీ లేదు. 2024లో వచ్చిన సినిమా జోలికి నేను పోలేదు.

చదవదలచుకున్నవారికి రెండు సంగతులు. ఇంగ్లీషు చాలా తేలిక, నాలాగా తెలుగు మాధ్యమంలో చదివినవారు కూడా నిఘంటువు లేకుండా మూడు నాలుగు రోజుల్లో ముగించవచ్చు. పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండా ఉన్నాయి కనుక స్కూలు పిల్లల చేతికి ఇవ్వవద్దు. పుస్తకం చివర రచయిత్రి మాట ఒకటి ఉంది, తన రెండున్నరేళ్ళ వయసులో తండ్రి తల్లి మీదకు టీవీ విసరడం తనకు తొలి జ్ఞాపకమని, ఆ తల్లి పిల్లలను తీసుకుని బయటకు వచ్చేసిందని అందులో రాసుకున్నారు. పేజీలు తిరగేస్తూ దాన్ని ముందే చదివేయకండి. మా మేనకోడలు నన్ను హెచ్చరించినా వినక నేను చేసిన పని అదే.