కేకే లైన్ మూతపడితే రాయగడ చుట్టుదారి: కిరండూల్ నైట్ ఎక్స్‌ప్రెస్ మళ్ళింపు ఎవరికి పనికొస్తుంది?

కొత్తవలస–కిరండూల్ (కేకే) లైన్‌లో కొండచరియ జారిందని తెలియగానే విశాఖ స్టేషన్ ఎంక్వయిరీ దగ్గర అందరూ "కిరండూల్ బండి ఉందా?" అనే అడుగుతారు. ఉందనో లేదనో జవాబు వస్తుంది గానీ దాంతో పని జరగదు. ముందు తేల్చుకోవాల్సింది చరియ పడింది కోరాపుట్‌కి ఇవతలా, అవతలా అని. ఇవతల, అంటే త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, శిమిలిగూడ ప్రాంతాల్లో పడితే కిరండూల్ నైట్ ఎక్స్‌ప్రెస్ విజయనగరం, రాయగడ మీదుగా చుట్టు తిరిగి కోరాపుట్ చేరుతుంది. అవతల పడితే ఆ చుట్టుదారి ఉన్నా లాభం లేదు. 2023 సెప్టెంబరు 24న చరియలు పడింది మనబార్, జర్తి స్టేషన్ల మధ్య. ఆ రెండూ కోరాపుట్ దాటాక ఒడిశాలోని జైపూర్ వైపు వస్తాయి. అప్పుడు జగదల్‌పూర్ వెళ్ళాల్సిన బండ్లు కోరాపుట్‌లోనే ఆగిపోయాయి.

ఇవతలే పడిందనుకుందాం. బండి సింహాచలం, పెందుర్తి, కొత్తవలస దాకా ఎప్పటి దారిలోనే పోతుంది. అక్కడ ఎస్.కోట వైపు తిరగకుండా తిన్నగా విజయనగరం వెళ్ళి, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ దాటుతుంది. సింగపూర్ రోడ్ దగ్గర రాయ్‌పూర్ లైన్ వదిలి టికిరి, లక్ష్మీపూర్ రోడ్, దమన్‌జోడి మీదుగా కోరాపుట్ కొండ ఎక్కుతుంది. కేకే లైన్ 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి వేసింది. రాయగడ–కోరాపుట్ ముక్క 1990ల నాటిది, దాదాపు 165 కిలోమీటర్లు. మొత్తం మీద విశాఖ నుంచి కోరాపుట్‌కి నూటయాభైకి అటూ ఇటూ కిలోమీటర్లు అదనం.

కాగితం మీద చూస్తే ఇది మూడు నాలుగు గంటల తేడా. నిజానికి అయిదారు గంటలు వేసుకుంటే మంచిది, ఇంకా ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. ఆలస్యమంతా దూరం వల్లే అనుకుంటే పొరపాటు. కేకే ఘాట్ మూతపడిందంటే ఆగేది ప్యాసింజర్ బండి ఒక్కటే కాదు, పోర్టుకి వచ్చే ఖనిజం గూడ్సు బండ్లూ ఆగుతాయి. వాటినీ రాయగడ మీదుగానే తిప్పుతారు. ఆ లైన్‌కి అప్పటికే దమన్‌జోడి అల్యూమినా బండ్లున్నాయి, హిరాఖండ్, సమలేశ్వరి లాంటి ఎక్స్‌ప్రెస్‌లున్నాయి. రెండో లైన్ వేసే డబ్లింగ్ పని రెండు వైపులా సాగుతున్నా, ఒంటి లైన్ మిగిలినచోటల్లా ఎదురు బండి స్టేషన్లోని పక్క లైన్ (లూప్) లోకి వచ్చి ఆగేదాకా ఇటు సిగ్నల్ పడదు. వేళకి నడిచే బండికి ఈ క్రాసింగ్‌లు ముందే లెక్కగట్టి ఉంటాయి. మళ్ళించిన బండికి అక్కడ టైమ్‌టేబుల్లో చోటే లేదు. కంట్రోలర్ ఖాళీ దొరికినప్పుడల్లా దాన్ని ఒక్కో స్టేషన్ ముందుకు జరుపుతాడు. ఏ చిన్న స్టేషన్లోనో నలభై నిమిషాలు నిలబెట్టేశారంటే కారణం చాలాసార్లు అదే.

రెండో కారణం గురించి ప్రయాణికుల్లో చాలామందికి తెలియదు. లోకో పైలట్‌కి ఇంజను నడపడం వస్తే చాలదు, ఆ సెక్షన్ తెలిసి ఉండాలి. ఏ మలుపులో సిగ్నల్ ఉంది, ఎక్కడ దిగుడు మొదలవుతుంది, ఎక్కడ బ్రేకు పట్టాలి అన్నవి చూసి, రోడ్ లెర్నింగ్ పూర్తయిందని సంతకం పెడితేనే బండి అప్పగిస్తారు. మూడు నెలలకు మించి ఆ దారిలో తిరగకపోతే మళ్ళీ చూసి రావాల్సిందే. అరకు ఘాట్ అరచేతి గీతల్లా తెలిసిన సిబ్బందికి లక్ష్మీపూర్ ఘాట్ కొత్త. కాబట్టి ఆ దారి తెలిసిన సిబ్బందే బండి అందుకోవాలి. వాళ్ళు ఇంకో బండిలో ఎదురు వస్తూ ఉంటే ఇది కాచుకోవాల్సిందే. రాయగడ ప్లాట్‌ఫారం మీద ఇంజను పక్కన నిలబడి, ఎక్కడెక్కడ వేగం తగ్గించాలో చెప్పే కాషన్ ఆర్డర్ కాగితం మీద కిలోమీటరు నంబర్లు, వేగాలు ఒక్కోటీ వేలుపెట్టి చదువుకుంటున్న పైలట్ కనిపిస్తే, ఇక బండి కదలబోతోందని అర్థం.

ఇక ఎవరికి ఎంత ఉపయోగమంటే, కోరాపుట్, జైపూర్, జగదల్‌పూర్ వెళ్ళేవాళ్ళకి ఈ మళ్ళింపు పనికొస్తుంది. తెల్లవారుజామున దిగాల్సింది మధ్యాహ్నానికి దిగినా, రాత్రంతా బెర్తు మీద పడుకుని వెళ్ళొచ్చు. ఎక్కువ దూరం తిప్పినందుకు అదనపు ఛార్జీ అడగరు. వాళ్ళ లెక్కలో 5కి 3.5 ఇవ్వొచ్చు. ఎస్.కోట, బొర్రా, అరకు వాళ్ళకి మాత్రం సున్నా, బండి ఆ ఊళ్ళ మొహమే చూడదు. కోరాపుట్‌లో దిగి రోడ్డు మీద వెనక్కి అరకు వద్దామనే ఉపాయం వింటుంటాం గానీ, రోజు మొత్తం దానికే సరిపోతుంది. అంతకంటే ద్వారకా బస్ స్టేషన్‌లో ఆర్టీసీ బస్సెక్కడం నయం. ఒక్కటే జాగ్రత్త: రైలు కట్టను ముంచిన వానే అనంతగిరి ఘాట్ రోడ్డునీ ముంచి ఉండొచ్చు. అది మూస్తే చోడవరం, మాడుగుల, పాడేరు మీదుగా అరకు చేరాలి.

పగటి ప్యాసింజర్ సంగతి వేరు. 2017 నుంచి దానికి తగిలిస్తున్న అద్దాల విస్టాడోమ్ బోగీ కోసమే చాలామంది టికెట్ తీస్తారు. ఘాట్ లేకుండా ఆ బోగీకి అర్థం లేదు కాబట్టి ఆ బండిని మళ్ళించడం కంటే రద్దు చేయడమో, కింద స్టేషన్లలోనే ఆపి తిప్పడమో జరుగుతుంది.

డబ్బు వాపసు దగ్గర జనం ఎక్కువ నష్టపోతున్నారు. బండి పూర్తిగా రద్దయితే ఈ-టికెట్ సొమ్ము దానంతటదే వస్తుంది, ఏమీ నొక్కక్కర్లేదు. దారి మళ్ళితే అలా రాదు. కంగారుపడి క్యాన్సిల్ బటన్ నొక్కితే మామూలు క్యాన్సిలేషన్ ఛార్జీ కోసేస్తారు. టీడీఆర్ (వాపసు కోరే దరఖాస్తు) వేయాలి, అందులో సరైన కారణం ఎంచుకోవాలి. మీరు ఎక్కే స్టేషన్‌కి బండి రాకపోతే ఒక కారణం, దిగే స్టేషన్‌కి పోకపోతే ఇంకో కారణం, రెండూ ఉన్నా చుట్టుదారి ఇష్టం లేక ప్రయాణం మానుకుంటే మరో కారణం ఉంటాయి. బండి బయల్దేరాల్సిన వేళ నుంచి 72 గంటల్లోపు వేయాలి. కౌంటర్ టికెట్ అయితే స్టేషన్‌కే వెళ్ళాలి. విశాఖలో ఎక్కి అరకులో దిగాల్సినవాళ్ళు "దిగే స్టేషన్ తగల్లేదు" అన్నదే ఎంచుకోవాలి. "బండి మూడు గంటలు ఆలస్యం" అన్నది ఎంచుకుని తిరస్కరణ తెచ్చుకోవద్దు.

బండి ఎక్కడుందో తెలుసుకోవడం ఇంకో తలనొప్పి. ప్రైవేటు యాప్‌లు పాత దారినే పట్టుకుని "ఎస్.కోట దాటింది" అని చూపించేస్తాయి, అప్పటికి బండి బొబ్బిలి దగ్గర ఉంటుంది. బండ్ల రాకపోకలు చూపే రైల్వే సొంత సైట్ ఎన్‌టీఈఎస్‌లో డైవర్టెడ్ ట్రైన్స్ జాబితా విడిగా ఉంటుంది, అది చూడండి, లేదా 139కి ఫోన్ చేయండి. బొబ్బిలి, పార్వతీపురం లాంటిచోట ఆగడం ఆ రోజు ఉత్తర్వును బట్టే. అక్కడ ఎక్కుదామని ఊహించుకుని టికెట్ కొనొద్దు. ప్యాంట్రీ లేదు. రాయగడ దాటితే తిండి దొరికే పెద్ద స్టేషన్ కోరాపుట్టే. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, పొద్దుటి టిఫిన్ విశాఖలోనే కట్టించుకోవాలి. సిగ్నల్ పోయే కొండల్లోకి వెళ్ళకముందే ఇంటికి ఫోన్ చేసేయడం మేలు.

లైన్ ఎప్పుడు తెరుస్తారన్నది మట్టి చేతిలో ఉంటుంది. ఈ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. వానకి, ఎండకి మెత్తబడి ఎర్రమట్టిగా మారిపోతుంది. పైన నీళ్ళు మళ్ళించే కాలువ పూడితే, పట్టాల కోసం కొండని తొలిచిన వాలు (కటింగ్) మొత్తం బరువెక్కి జారుతుంది. పొక్లెయిన్‌కి రోడ్డు లేనిచోట దాన్ని వ్యాగన్ మీద ఎక్కించి తేవాలి, పెద్ద బండలని పేల్చి ముక్కలు చేయాలి, ఒరిగిన కరెంటు స్తంభాలు నిలబెట్టాలి. కింద తీసేకొద్దీ పైనుంచి మళ్ళీ జారుతుంటే రెండు రోజులన్నది వారం దాటుతుంది. తెరిచాక ముందు గూడ్సు నడిపి చూస్తారు. వేగం గంటకు పది కిలోమీటర్లతో మొదలై మెల్లగా పెరుగుతుంది. రాత్రి బండిని పగటి బండి కంటే ఆలస్యంగా పాత దారికి తెస్తే అదేమీ నిర్లక్ష్యం కాదు. చీకట్లో పైన వాలు కదులుతోందో లేదో పట్రోల్‌మ్యాన్‌కి కనిపించదు.

తెరిచిన మొదటి వారంలో అద్దాల బోగీ టికెట్ దొరకడం తేలిక, జలపాతాలు నిండుగా ఉంటాయి, వెళ్ళొచ్చు. సాయంత్రం తిరుగు బండిని నమ్ముకుని అదే రాత్రి హైదరాబాద్ బండికి మాత్రం టికెట్ తీయకండి.