ముక్కు కడిగే సీసా: ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఈ సీసా ఒక్కటే ముక్కు దిబ్బడను పోగొట్టదు. అయినా మా ఇంట్లో టూత్‌బ్రష్‌ల పక్కన దీనికి చోటు ఖాయమైపోయింది.

చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. 240 మి.లీ. పట్టే మెత్తటి ప్లాస్టిక్ సీసా, ముక్కుకు ఆనించే గుండ్రటి మూత, దాంతో పాటు ఉప్పూ సోడా కలిపిన పొట్లాలు. గోరువెచ్చని నీళ్లలో పొట్లం కలిపి, సింక్ మీదికి వంగి, నోటితో ఊపిరి తీసుకుంటూ మెల్లగా నొక్కితే ఇటు పోసిన నీళ్లు అటు రంధ్రంలోంచి కారిపోతాయి. యోగాలో జలనేతి చెంబుతో చేసేదీ ఇదే. చెంబుకైతే తల బాగా పక్కకి వాల్చాలి, అది నా మెడకు పడదు. మంట పుడుతుందేమోనని చాలామందికి భయం. ఉత్త నీళ్లయితేనే చుర్రుమంటుంది. లీటరుకు 9 గ్రాముల ఉప్పు పడితే అసలు తెలియదు.

నీళ్ల విషయంలో మాత్రం బద్ధకం పనికిరాదు. కుళాయి నీళ్లు, ఇంట్లో ఫిల్టర్ నీళ్లు నేరుగా వాడకూడదు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు అమీబా మెదడుకు చేరి చనిపోయారు. మింగితే ఏమీ చేయని ఆ అమీబా ముక్కు దారిన వెళ్తే ప్రాణాంతకం. నేను రాత్రే నీళ్లు మరిగించి మూత పెట్టేస్తా. ఈ సీసాతో నాకున్న అసలు విసుగు ఇదే.

నా దిబ్బడ పరుపుల్లో, దిండ్లలో బతికే డస్ట్ మైట్లనే కంటికి కనిపించనంత చిన్న పురుగుల వల్ల వచ్చే అలర్జీ. ముక్కు లోపలి గోడలకుండే టర్బినేట్లనే మడతలు వాచి దారి మూసేస్తాయి. అడ్డం పడేది చాలావరకు చీమిడి కాదు, వాపు. అందుకే ఎంత చీదినా ముక్కు తెరుచుకోదు. కడిగితే దుమ్మూ చీమిడీ పోతాయి, వాపు పోదు. దానికి డాక్టర్ రాసిన ఫ్లూటికాసోన్ స్ప్రే ఉంది. కడిగిన కాసేపటికి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలోకి, ఎడమ చేత్తో కుడి దాంట్లోకి, చెవి వైపు గురిపెట్టి కొట్టుకుంటా. రెండు రంధ్రాల మధ్య ఉండే దూలానికి తగిలితే రక్తం చారలు కనిపిస్తాయి. పూర్తి ఫలితానికి రెండు వారాలైనా పట్టొచ్చు. నాలుగు రోజులకే పారేసేవాళ్లే ఎక్కువ.

జైలోమెటాజోలిన్ చుక్కలు దీనికి పూర్తిగా ఎదురు. నిమిషాల్లో తెరుస్తాయి, వరసగా కొన్ని రోజులు దాటితే దిబ్బడను తిరగబెడతాయి. మా బాబాయి ఆ చుక్కల సీసా దిండు కింద లేనిదే పడుకోడు. ఆయనతో వాదించి లాభం లేదు. ఇక బామ్ సంగతి: మెంథాల్ చల్లదనానికి ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందే గానీ వాపు తగ్గదు. జలుబు చేస్తే నేనూ రాసుకుంటా, అది వేరే విషయం.

కడగడం, స్ప్రే, ఈ జోడీతో రాత్రి నోటితో పీల్చి గొంతెండి లేవడం బాగా తగ్గింది. పండగకి బూజులు దులిపిన రోజు సాయంత్రం కడిగితే వచ్చే హాయి చెప్పలేను. ఇబ్బందులూ ఉన్నాయి. కడిగిన అరగంటకు చెప్పులేసుకోడానికి వంగితే మిగిలిన నీళ్లు టపటపా కారతాయి, కాబట్టి ఆఫీసుకు బయల్దేరే ముందు వద్దు. గట్టిగా నొక్కితే చెవి బిగుస్తుంది. ముక్కు పూర్తిగా మూసుకుపోయినప్పుడు అసలు నొక్కకండి.

ఎప్పుడూ ఒక్క వైపే మూసుకుపోతున్నా, రక్తం వస్తున్నా, వాసన తెలియకపోయినా సీసా కొనడం ఆపి ముందు ఇఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. దూలం వంకరగా ఉన్నా, లోపల పాలిప్ అనే మెత్తటి కండ పెరిగి ఉన్నా ఎన్ని పొట్లాలు కలిపినా అది తొలగదు.