బ్యారెల్ మార్చాలంటే షోల్డర్ రకమా, నట్టు రకమా?

రైఫిల్ బ్యారెల్ అరిగిపోయే సరుకు. 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా రకంతో పోటీలకు దిగేవాళ్లకు రెండున్నర, మూడు వేల తూటాలు పేలేసరికి ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందున్న గొంతు కాలిపోయి గురి చెదరడం మొదలవుతుంది. .308 తూటా అయితే ఐదు వేలు దాటినా లాగుతుంది. అమెరికాలో వారం వారం షూటింగ్ రేంజికి వెళ్లేవాడికి బ్యారెల్ మార్పిడి తప్పని ఖర్చన్నమాట. అందుకే ఛాంబర్ కోసి, మర వేసి, బిగించుకోవడానికి సిద్ధంగా ఉన్న బ్యారెళ్లు అమ్ముతున్నారు. ప్రీఫిట్ అంటారు వాటిని. వాటిలో రెండు రకాలు. ఒకటి షోల్డర్ ఉన్నది, మెట్టు తగిలేదాకా తిప్పి బిగించేయడమే. రెండోది నట్టుతో వచ్చేది, ఎక్కడ ఆపాలో మనమే చూసుకుని నట్టుతో లాక్ చేయాలి.

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పెట్టుకున్న నాకు ఇందులో పనేమిటంటే, డాలస్‌లో ఉండే మా బావమరిది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, ఆదివారమైతే రేంజి. "బావా, మర, నట్టు నీ సబ్జెక్టే కదా, ఏది కొనమంటావు?" అని తగులుకున్నాడు. అక్కడి ఫెడరల్ చట్టంలో తుపాకీ అంటే రిసీవరే (బ్యారెల్ బిగిసే మూల చట్రం), బ్యారెల్ ఉత్త విడిభాగం. కొరియర్‌లో ఇంటికొచ్చేస్తుంది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడిభాగాలు కూడా ఆయుధం కిందకే వస్తాయి, రిపేరు చేయాలన్నా లైసెన్సు ఉండాలి. కాబట్టి ఇది చదివి ఎవరూ బ్యారెల్ చంకన పెట్టుకుని నా షెడ్డుకు రావద్దు. వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒకటి పడేసుకొస్తానన్నాడు మావాడు. అక్కడి ఎగుమతి నిబంధనలూ ఒప్పుకోవు, ఇక్కడి కస్టమ్స్ వాళ్లూ ఊరుకోరు. పచ్చళ్లు అటు వెళ్లడం వేరు, ఇది ఇటు రావడం వేరు.

అసలు తేడా అంతా హెడ్‌స్పేస్ దగ్గరుంది. బోల్టు (తూటాను ఛాంబర్‌లోకి తోసి వెనక మూసే కడ్డీ) మూశాక బోల్టు ముఖం నుంచి ఛాంబర్ లోపలి వాలు మీద, తూటా ఆనుకునే గీత దాకా ఉండే దూరం అది. తక్కువైతే బోల్టు మూసుకోదు. ఎక్కువైతే పేలినప్పుడు తూటా ఇత్తడి గొట్టం సాగి, అడుగున తెగిపోయే ప్రమాదం ఉంది. ఈ దూరాన్ని ఉక్కు గేజ్‌లతో చూస్తారు, కనీస హద్దుకు గో, పై హద్దుకు నో-గో. .308కి గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో గేజ్ 1.634. మధ్య సందు నాలుగు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఆ నాలుగు థౌల పూచీ ఎవరు తీసుకుంటున్నారనేదే అసలు ప్రశ్న.

షోల్డర్ రకంలో పూచీ తయారీదారులది. యాక్షన్ (రిసీవరు, బోల్టు కలిసిన భాగం) చేసినవాడు ప్రతి రిసీవరూ, ప్రతి బోల్టూ ఒకే కొలతలో తీయాలి. బ్యారెల్ చేసినవాడు ఆ డ్రాయింగ్ పట్టుకుని షోల్డర్ నుంచి ఛాంబర్ దాకా అంతే కచ్చితంగా కోయాలి. డిఫయెన్స్, ఇంపాక్ట్, జర్మాట్ లాంటి కంపెనీలు తమ యాక్షన్లకు ఆ హామీ ఇస్తాయి. అలాంటి యాక్షన్ ఉంటే దీనికి మించిన సుఖం లేదు. వైస్‌లో పట్టి, పాతది విప్పి, కొత్తది ఎక్కించి, వాళ్లు చెప్పిన టార్కుకు బిగిస్తే అయిపోయింది. ఒకే రైఫిల్‌కు రెండు బ్యారెళ్లు పెట్టుకుని మార్చి మార్చి వాడేవాళ్లకు ఇంకా లాభం. విప్పి మళ్లీ పెట్టినా అదే మెట్టుకు ఆనుతుంది గనుక హెడ్‌స్పేస్ అక్కడికే వస్తుంది.

నట్టు రకం మన లారీ హబ్ బేరింగ్ నట్టు లాంటిది. బిగించి, ప్లే చూసి, సరిపోయిన చోట చెక్ నట్టుతో లాక్ చేస్తాం కదా, ఇదీ అంతే. ఛాంబర్‌లో గో గేజ్ పెట్టి, బోల్టు మూసి, బ్యారెల్‌ను గేజ్‌కు ఆనేదాకా చేత్తో తిప్పి, నట్టు బిగిస్తారు. సావేజ్ 110 రైఫిల్ 1958 నుంచీ ఈ పద్ధతిలోనే వస్తోంది. కొత్తగా పుట్టిన కిటుకేమీ కాదు.

ఇది ఎంత సున్నితమో లెక్క వేసి చూడండి. రెమింగ్టన్ 700 మర అంగుళానికి 16 చుట్లు. ఒక చుట్టు తిప్పితే బ్యారెల్ అరవై రెండున్నర థౌలు జరుగుతుంది. గో, నో-గోల మధ్య నాలుగు థౌలంటే 23 డిగ్రీల తిప్పుడు. సావేజ్‌కు 20 చుట్లు, దాదాపు 29 డిగ్రీలు. గడియారంలో ఐదు నిమిషాల గీత 30 డిగ్రీలు కదా, అంతకంటే తక్కువే. అయినా చేతికి అందే కొలతే, భయపడేంత లేదు. ఒక్కటి మాత్రం మరవకూడదు. నట్టు బిగిసేటప్పుడు మరలో ఉన్న ప్లే అంతా ఒక పక్కకు లాగేస్తుంది, బ్యారెల్ కాస్త ముందుకు జరుగుతుంది. బిగించక ముందు చూసిన గేజ్ లెక్కకు రాదు. పూర్తి టార్కు ఇచ్చాక ఎజెక్టర్, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గొట్టాన్ని లాగి బయటికి తోసే ముక్కలు) తీసేసిన బోల్టుతో మళ్లీ చూడాలి. గో మీద మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు.

గురి సంగతి అడుగుతారు. నట్టు వల్ల గురి తగ్గుతుందన్న మాట నేను ఒప్పుకోను. తగ్గేదే అయితే సావేజ్‌కు ఇన్నేళ్లుగా గురి విషయంలో ఆ పేరు వచ్చేది కాదు. ఇబ్బందులు వేరే ఉన్నాయి. నట్టు బ్యారెల్ కంటే లావుగా ఉంటే స్టాక్‌లో తగులుతుంది, అక్కడ చెక్క గీకాలి. నట్టుకు వేరే పానా, వేరే గేజ్‌లు కొనాలి. బ్యారెల్ విప్పిన ప్రతిసారీ గేజ్ తతంగం మళ్లీ మొదలు. చూపుకు కూడా ఆ గాడుల నట్టు కొందరికి గిట్టదు. అది వాళ్ల ఇష్టం.

రెమింగ్టన్ 700 ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి. దాని రీకాయిల్ లగ్ (పేలినప్పటి తన్నును స్టాక్‌కు అందించే ముక్క) విడిగా ఉండే మందపాటి వాషరు. రిసీవరుకు, బ్యారెల్‌కు మధ్య నలుగుతుంది. షోల్డర్ ఆనేది ఆ లగ్ మీదే కాబట్టి దాని మందం మారితే హెడ్‌స్పేస్ మారినట్టే. దానికి తోడు ఫ్యాక్టరీ రిసీవర్లలో ఒకదానికీ ఇంకోదానికీ కొలతలు తేడా ఉంటాయి. అలాంటి దానికి షోల్డర్ ప్రీఫిట్ తెప్పించడం నా దృష్టిలో జూదం. నట్టు రకమే మేలు, ఆ తేడాలన్నీ సర్దుకుంటుంది. బిగించేటప్పుడు లగ్ పక్కకు తిరిగిపోకుండా పట్టే జిగ్ మాత్రం ఉండాలి.

మావాడి దగ్గర ఉన్నది పాత సావేజ్. దానికి నట్టు బ్యారెలే తెప్పించుకోమన్నాను, షాంక్ (రిసీవరులోకి వెళ్లే బ్యారెల్ వెనక భాగం) చిన్నదో పెద్దదో కొలిచి చూశాకే ఆర్డరు పెట్టమన్నాను. వచ్చే ఏడు జర్మాట్ యాక్షన్ కొంటానంటున్నాడు. కొంటే దానికి షోల్డర్ రకమే. అప్పుడూ గో, నో-గో గేజ్‌లు రెండూ పెట్టి చూశాకే మొదటి తూటా వేయమన్నాను. "హామీ ఇచ్చారు కదా బావా, మళ్లీ అదెందుకు?" అన్నాడు. హామీ కాగితం మీద ఉంటుంది, చెంప మాత్రం బోల్టు పక్కనే ఆనించాలి కదరా అన్నాను. గేజ్‌లు ఆర్డరు పెట్టాడట.