డబ్బా మీద 2.5 జీ సరే, ఈథ్‌టూల్ ఏమంటోంది?

వైజాగ్ ద్వారకానగర్‌లో కొన్న యూఎస్‌బీ లాన్ అడాప్టర్ ఇది, అంటే ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకి నెట్ కేబుల్ తగిలించే ముక్క. పేరున్న బ్రాండేమీ కాదు, డబ్బా మీద మాత్రం 2.5 జీ (సెకనుకి 2.5 గిగాబిట్లు) అని ఇంతింత అక్షరాలు. లోపలున్నది రియల్‌టెక్ 8156 చిప్. ముందు షాపు గురించి మంచి మాట చెప్పాలి. కొనేలోపు నా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూస్తానండీ అంటే, "చూస్కోండి సార్, దానికేముంది" అని వాళ్ల స్విచ్ (నెట్ కేబుళ్లన్నీ కలిపే పెట్టె) నుంచే ఒక కేబుల్ లాగి చేతికిచ్చాడు. అలా ఇచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి.

లైనక్స్‌లో ఈథ్‌టూల్ అని నెట్‌వర్క్ పోర్టు వివరాలు చూపించే కమాండ్ ఉంది, అది కొడితే స్పీడ్ లెక్కలు వేర్వేరు చోట్ల కనిపిస్తాయి, చాలామంది అన్నీ ఒకటే అనుకుంటారు. సపోర్టెడ్ అంటే హార్డ్‌వేర్‌కి చేతనైనవి, డ్రైవర్ చిప్ రిజిస్టర్లు చదివో, చిప్ వెర్షన్ గుర్తుపట్టో ఆ లిస్టు ఇస్తుంది. అడ్వర్టైజ్డ్ అంటే అందులో అవతలి స్విచ్‌కి చెప్పుకునేవి. కింద స్పీడ్ అని వచ్చేది ఇద్దరికీ కుదిరినది, అంతే. షాపులో సపోర్టెడ్‌లో 2500 (మెగాబిట్లు, అంటే 2.5 జీయే) ఉంది, స్పీడ్ 1000 చూపించింది, వాళ్ల స్విచ్ గిగాబిట్‌దే మరి, దానికి అడాప్టర్ ఏం చేస్తుంది?

పాత కర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) వాడేవాళ్లు మాత్రం చూసుకోండి. 5.13కి ముందు వాటిలో ఆర్8152 అనే రియల్‌టెక్ చిప్‌ల డ్రైవర్‌కి ఈ చిప్ తెలియదు, సీడీసీ ఎన్‌సీఎం అనే జనరల్ డ్రైవర్ దీన్ని పట్టుకుంటుంది. నెట్ నడుస్తుంది గానీ ఈథ్‌టూల్‌లో సపోర్టెడ్ లిస్టు సరిగ్గా చూపించక లేనిపోని టెన్షన్ పెడుతుంది.

ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చాక అసలు తమాషా. రౌటర్‌కి 2.5 పోర్టు ఉంది, అయినా స్పీడ్ 100! సపోర్టెడ్‌లో 2500 అలాగే ఉంది కాబట్టి డ్రైవర్‌ని వదిలేసి కేబుల్ చూశాను. బీచ్ గాలికి ఆర్‌జే45 (కేబుల్ చివరి కనెక్టర్) పిన్నుల మీద పచ్చగా చిలుము. 100కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కీ ఆపైకీ నాలుగూ కావాలి, ఒక్క జత సరిగ్గా తగలకపోయినా కిందికి దిగిపోవచ్చు. కొత్త కనెక్టర్ కొట్టించగానే 2500 వచ్చింది, కేబుల్ అదే పాత క్యాట్ 5ఈ రకం. నిజంగా ఎంత స్పీడ్ వస్తోందో కొలిచే ఐపెర్ఫ్‌లో 2.3 గిగాబిట్ల పైనే.

యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే మాత్రం లింక్ 2500 అన్నా దారి 480 మెగాబిట్లే, ఈథ్‌టూల్ ఆ సంగతి చెప్పదు, యూఎస్‌బీ పరికరాల లిస్టు ఇచ్చే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌లో చూసుకోవాలి. పెద్ద ఫైళ్లు కాపీ పెడితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, అదొక్కటే నచ్చలేదు. వారంటీ ఏడాది, బిల్లు మీద స్టాంపు మాత్రం అడిగి వేయించుకోండి.