పట్నీ నుంచి టవర్ హిల్ దాకా: థామస్ క్రామ్‌వెల్ గైడెడ్ వాక్ (నా రేటింగ్: 5కి 3.5)

ఈ వాక్ బుక్ చేసింది మా మావయ్య కోసం. రెవెన్యూ శాఖలో రిటైరై, రెండు నెలలు మాతో ఉండడానికి లండన్ వచ్చారు. కోటలూ రాణుల నగలూ చూపిస్తే "బాగున్నాయమ్మా" అని ఊరుకుంటారు. ఒక కమ్మరి కొడుకు ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి కుడిభుజం ఎలా అయ్యాడో నడిపిస్తూ చెప్తారట అనేసరికి మాత్రం చెప్పులు వేసుకుని తయారైపోయారు. టికెట్ మనిషికి 24 పౌండ్లు, మూడున్నర గంటలు. మధ్యలో రైలు ఛార్జీ మనదే.

మొదలు పట్నీలో, థేమ్స్ ఒడ్డున సెయింట్ మేరీ చర్చి దగ్గర. క్రామ్‌వెల్ 1485 ప్రాంతంలో ఈ ఊళ్లో పుట్టాడు. తండ్రి వాల్టర్ కమ్మరం చేసేవాడు, బీరు కాచి అమ్మేవాడు, ఆ బీరు విషయంలో మాటిమాటికీ జరిమానాలు కట్టేవాడు. చూడ్డానికి ఇక్కడ నీళ్లూ వంతెనా బస్సులే. గైడ్ ఆ లోటుని గొంతుతో పూడ్చాడు. కుర్రాడు ఇల్లు వదిలి ఇటలీ పోవడం, యాంట్‌వర్ప్‌లో బట్టల వ్యాపారం, తిరిగొచ్చి లా వ్యవహారాలు చక్కబెట్టడం అన్నీ గబగబా నడిచాయి. కానీ పోప్ కథ దగ్గర ఆగి చెప్పాడు, నాకు తెగ నచ్చింది. బోస్టన్ అనే ఇంగ్లిష్ పట్టణంలో ఒక మత సంఘానికి పోప్ అనుమతులు కావలసి వచ్చాయట. ఆ పని మీద రోముకి వెళ్లిన క్రామ్‌వెల్ అందరిలా ఆఫీసుల చుట్టూ తిరగలేదు. పోప్‌కి తీపి మీద మోజని తెలుసుకుని, ఆయన వేటనుంచి వచ్చే దారిలో కాపుకాసి, పాట పాడించి, ఇంగ్లండ్ పద్ధతిలో చేసిన జెల్లీ మిఠాయిలు చేతికిచ్చాడట. సంతకాలు అయిపోయాయి. మావయ్య గట్టిగా నవ్వేశారు.

మా గుంపులో ఒకాయన "రాజు తల తీయించింది ఈయనేగా?" అని అడిగాడు. అది ఆలివర్ క్రామ్‌వెల్, వందేళ్ల తరవాతివాడు, ఈ థామస్ అక్కచెల్లెళ్లలో ఒకరి సంతతి. గైడ్ విసుక్కోకుండా చెప్పాడు. దానికో మార్కు.

వంతెన దాటి పట్నీ బ్రిడ్జ్ స్టేషన్లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కాం. నా ఫిర్యాదంతా ఈ రైలు దగ్గరే. చెవిలో పెట్టుకోమని ఇచ్చిన పరికరం గరగరమని పూర్తిగా మూగబోయింది, మార్చమంటే స్పేర్ లేదన్నారు. అంతకంటే పెద్దది, 1529 సంగతి గైడ్ రెండు ముక్కల్లో తేల్చేశాడు: "కార్డినల్ వుల్సీ పడిపోయాడు, రాజుకి విడాకులు ఇప్పిస్తానని క్రామ్‌వెల్ పైకొచ్చాడు." అంత సింపులా? అప్పటిదాకా రాజు తరఫున రాజ్యం నడిపించిన మతాధికారి ఈ వుల్సీ కూడా సామాన్యుడే, ఇప్స్‌విచ్‌లో మాంసం కొట్టువాడి కొడుకు. అతని దగ్గర క్రామ్‌వెల్ చేసింది ఫైళ్ల పని: చిన్న చిన్న మఠాలు మూయించి, ఆ ఆస్తుల్ని ఆక్స్‌ఫర్డ్‌లో వుల్సీ కట్టిస్తున్న కాలేజీకి బదలాయించడం. యజమాని పదవి ఊడాక, ఈషర్‌లోని వుల్సీ ఇంట్లో కిటికీ దగ్గర క్రామ్‌వెల్ ప్రార్థన పుస్తకం పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంటూ కనిపించాడు. చూసి రాసిపెట్టింది వుల్సీ సేవకుడు కావెండిష్. ఏడుపు ఎవరికోసమో తెలుసా? తనకోసమే. ఇన్నాళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైందని. అదే రోజు మధ్యాహ్నం గుర్రమెక్కి లండన్ వెళ్లాడు, పార్లమెంటులో సీటు సంపాదించాడు.

తరవాత చేసిందే అసలు తెలివి. వుల్సీ ఆస్తుల మీద రాజు కొలువులోని పెద్దమనుషులకు ఏటా ఇంతని ముట్టేలా కాగితాలు సిద్ధం చేశాడు. యజమానికి శత్రువులు తగ్గారు, ఆ పెద్దమనుషులందరికీ క్రామ్‌వెల్ కావలసినవాడయ్యాడు, ఆ లెక్కలు పట్టుకునే రాజు ముందుకీ వెళ్లాడు. ఆఫీసులో పొద్దస్తమానం కాంట్రాక్టులతో వేగేదాన్ని, నాకు ఇది కదా కావాలి! 1532లో రాజాభరణాల ఖజానా, 1534లో రాజు కార్యదర్శి పదవి, 1536లో రాజముద్ర. రాజు విడాకులకి పోప్ అడ్డు రాకుండా, ఆయన దాకా అప్పీళ్లు వెళ్లకుండా 1533లో చట్టం, 1534లో చర్చికి రాజే అధిపతి అంటూ ఇంకో చట్టం. ఈ తేదీలు మాత్రం గైడ్ వరసగా అప్పజెప్పాడు.

సిటీలో థ్రాగ్‌మోర్టన్ స్ట్రీట్ దగ్గరికి రాగానే మళ్లీ ప్రాణం వచ్చింది. ఇప్పుడు డ్రేపర్స్ హాల్ (బట్టల వర్తకుల సంఘం భవనం) ఉన్నచోటే క్రామ్‌వెల్ పెద్ద ఇల్లు. లోపలికి పంపరు, బయటినుంచే చూపు. తోట పెంచుకోవాలనిపించి, పక్కవాళ్ల కంచెలు పీకించి, ప్రతివాడి స్థలంలోకీ 22 అడుగులు జరిగి గోడ కట్టించాడు. అలా పోగొట్టుకున్నవాళ్లలో చరిత్ర రాసిన జాన్ స్టో తండ్రి ఒకడు. ఆయన తోటలో ఉన్న ఇంటిని నేలనుంచి ఊడదీసి, దుంగల మీద దొర్లించి వెనక్కి నెట్టారు. ఆయనకి ముందుగా కబురైనా లేదు. అడిగితే సర్వేయర్లు "మా దొర చెప్పాడు" అన్నారు. సగం స్థలం పోయినా అద్దె మాత్రం పూర్తిగా కట్టాడు.

గైడ్ మమ్మల్ని పేవ్‌మెంట్ మీద 22 అడుగులు కొలిచి నడవమన్నాడు. మావయ్య పాదం ముందు పాదం పెట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్లి, చివర్లో ఆగి వెనక్కి చూశారు. "సర్వేయర్లు ఎక్కడైనా సర్వేయర్లేనమ్మా" అన్నారు. అదే స్టో, ఇదే గుమ్మం దగ్గర రోజుకి రెండుపూటలా 200 మందికి పైగా పేదలకి భోజనం పెట్టడం కళ్లారా చూశానని కూడా రాశాడు. ఈ ముక్క గైడ్ చెప్పలేదు. చెప్పాల్సింది.

టవర్ హిల్ చేరేసరికి టైం అయిపోవచ్చింది, పదే నిమిషాలు. క్రామ్‌వెల్‌కి 1540 ఏప్రిల్‌లో ఎసెక్స్ ఎర్ల్ అనే పెద్ద బిరుదు, జూన్ 10న అరెస్టు, జూలై 28న ఇక్కడ తల తీశారు. అదే రోజు రాజు కేథరిన్ హోవర్డ్‌ని పెళ్లాడాడు. రాజుకి నచ్చని నాలుగో భార్య యాన్ ఆఫ్ క్లీవ్స్ సంబంధం కుదిర్చిన పాపం క్రామ్‌వెల్ నెత్తిన పడింది. జైల్లోంచి రాజుకి రాసిన ఉత్తరం చివర్లో "దయ, దయ, దయ" అని మూడుసార్లు వేడుకున్నాడు. ఇంత బరువైన చోట గైడ్ వాచీ చూసుకోవడం బాగోలేదు.

వెళ్లాలనుకుంటే ఉదయం బ్యాచే తీసుకోండి, మంచి బూట్లు వేసుకోండి, చెవి పరికరం పట్నీలోనే టెస్ట్ చేయించుకోండి.

తిరుగు రైల్లో మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగారు, "మరి ఆయన పోయాక ఆ 22 అడుగులు తిరిగి ఇచ్చారా?" లేదు మావయ్యా, ఇల్లూ తోటా రాజు తీసుకున్నాడు, 1543లో బట్టల వర్తకుల సంఘం రాజు దగ్గర కొనుక్కుంది, అన్నాను.

"రిజిస్ట్రేషన్ ఎవరి పేర అయితే వాళ్లదే" అన్నారు.