ఆటోమేటిక్ బెంజికి క్లచ్ పెట్టించాక

కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో వేసి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే చాలు, బండి తన వేగాన్ని తానే పట్టుకుంటుంది. నా 1982 నాటి మెర్సిడెస్ 240డికి ఆటోమేటిక్ గేర్‌బాక్సు దింపించి నాలుగు గేర్ల మాన్యువల్ వేయించింది ఈ ఒక్క సుఖం కోసమే అన్నా తప్పు లేదు. పాత గేర్‌బాక్సులో కూడా లివరు కిందికి లాగి తక్కువ గేరులో ఉంచవచ్చు. కానీ ఇంజనుకూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్‌లో ఉండేది నూనె, ఆ జారుడులో ఇంజన్ పట్టు కొంత పోతుంది. రాయచోటి నుంచి వస్తూ లోడు లారీ వెనుక దిగితే కాలిన బ్రేకుల వాసన కారులోకే వచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

ఎక్కేటప్పుడు ఆనందం ఇంకో రకం. ఉన్నదే 2,399 సీసీ, 72 హార్స్‌పవర్. అందులోనూ నూనె తన వాటా తీసుకుంటే చక్రాలకు చేరేది ఎంత? మలుపు మధ్యలో రెండులో ఉండాలా మూడుకు పోవాలా అని ఆటోమేటిక్ తేల్చుకునేలోపు వెనుక ఆర్టీసీ బస్సు హారన్ మోగించేది. ఇప్పుడు ఆ లెక్క నా చేతిలో ఉంది. మలుపుకు ముందే రెండులోకి దింపుతాను, రోడ్డు తిన్నగా కాగానే మూడులో వేస్తాను, బండి లాగుతుంది. వేగంగా పోతుందని అనడం లేదు. లారీలను దాటగలుగుతున్నాను, అంతే.

పని చేయించడానికి కడప అనువైన ఊరని ఎవరూ అనుకోరు గానీ, నాకు కలిసొచ్చింది. 240డిలో ఉన్న ఓఎం616 ఇంజన్‌నే బజాజ్ టెంపో, అంటే ఇప్పటి ఫోర్స్ మోటార్స్, లైసెన్సు మీద మన దేశంలో తయారు చేసి ట్రాక్స్‌లో పెట్టింది. అందుకే బానెట్ ఎత్తి చూసిన పెద్దాయన, మా మెకానిక్, ఏమాత్రం బెదరలేదు. “పేరుకే బెంజి సార్, ఇది మన ట్రాక్స్ ఇంజనే” అన్నారు. “అయితే నీ చేతిలో పెడుతున్నా భాయ్” అన్నాను. గేర్‌బాక్సు, పెడళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు బెంగళూరులో తుక్కుకు వచ్చిన మాన్యువల్ 240డి నుంచి తెచ్చాం. ఇంజన్ వెనుక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్‌ను బ్యాలెన్సింగ్ చేయించకుండా బిగించవద్దని మాత్రం గట్టిగా పట్టుబట్టాను.

ఇక అసలు కథ. అంతా సవ్యంగా సాగుతుండగా ఒక మే నెల మధ్యాహ్నం ఘాట్ ఎక్కి, గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆపాను. తాళం తిప్పి బయటికి తీశాను. ఇంజన్ ఆగలేదు. తాళం నా చేతిలో ఉంది, బండి మాత్రం టకటకమంటూ తన మానాన తాను నడుస్తోంది. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గులు ఉండవు, కరెంటు తీసేసినా డీజిల్ అందినంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఈ కారులో తాళం ఆపితే వాక్యూమ్, అంటే గొట్టంలోని గాలి పీల్పు, వెళ్లి పంపు దగ్గర డీజిల్‌ను ఆపాలి. అదే వాక్యూమ్ తలుపుల తాళాలకూ పోతుంది, మునుపు ఆటోమేటిక్ గేర్‌బాక్సుకూ పోయేది. దారిలో ఎక్కడ గాలి చొరబడినా ఇంజన్ ఆగదు.

బానెట్ కింద ‘స్టాప్’ అని రాసిన మీట ఒకటి ఉంటుంది. కానీ ఘాట్ ఎక్కి వచ్చిన ఇంజన్‌లో చేయి పెట్టాలంటే మనసొప్పలేదు. కోవా అంగడి ముందు టీ తాగుతున్న ఒక లారీ డ్రైవరు చూసి చూసి, “టాప్ గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదలండి సార్” అన్నాడు. వదిలాను. బండి ఒక్క ఊపు ఊగి చచ్చినట్టు ఆగింది. ఆటోమేటిక్‌లో ఈ ఉపాయం పనిచేయదు. గేరులో పెట్టి ఎంత బ్రేకు తొక్కినా కన్వర్టర్ జారుతుందే తప్ప ఇంజన్ ఆగదు. సమస్య తెచ్చిపెట్టిందీ క్లచ్చే, గట్టెక్కించిందీ క్లచ్చే. ఇంటి ముందూ అలాగే ఆపాను.

మర్నాడు చూస్తే, పాత గేర్‌బాక్సుకు పోయే సన్నని వాక్యూమ్ గొట్టం చివర పెట్టిన రబ్బరు మూత ఎండిన చింతకాయ తొక్కలా పగిలి ఉంది. గేర్‌బాక్సు దింపిన రోజే ఆ గొట్టాన్ని అది చీలే చోట, టీ జాయింటు దగ్గరే మూసేసి ఉండాల్సింది. మూత పగిలాక భాయ్ ఆ పని చేశారు, డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత ఎన్ని వేసవులు వచ్చినా తాళం తిప్పగానే ఇంజన్ ఆగుతోంది. ఇలాంటి మార్పిడి చేయించే వాళ్లు గేర్ల సంగతి కన్నా ముందు ఆ గొట్టం సంగతి అడగాలి.

ఘాట్ గురించి మురిపెంగా చెప్పాను గానీ, నా తిరుగుడంతా ఘాట్‌లో కాదు. ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రం పూట హాఫ్ క్లచ్ మీద జరుగుతూ ఉంటే ఎడమ మోకాలు పాత గేర్‌బాక్సును తలచుకుంటుంది. ఆ క్లచ్ తేలికైనదేమీ కాదు. మా ఆవిడ మునుపు ఈ బండిని ఇష్టంగా నడిపేది, ఇప్పుడు తాళం ముట్టదు. హైవే మీద తేడా అంతంతమాత్రమే. పాతదానిలోనూ, దీనిలోనూ టాప్ గేరు డైరెక్టే, అంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్టూ అన్నే తిరుగుతుంది కాబట్టి మోత తగ్గలేదు. డీజిల్ ఖర్చు ఊళ్లో కొంత తగ్గిందని నా అంచనా. వాలులో నిలిపితే ఆటోమేటిక్‌లోలా ‘పి’ (పార్కింగ్)లో పెట్టే ధీమా లేదు, గేరులో వేసి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రం కింద రాయి చూసుకోవాలి. మునుపు గేరులో ఉండగా ఒక స్విచ్చు బండిని స్టార్ట్ కానిచ్చేది కాదు, ఇప్పుడు దాని వైర్లు కలిపేశాం. గేరు చూడకుండా తాళం తిప్పితే బండి ముందుకు దూకుతుంది.

నాకు ఇది లాభమే అయింది. ఎందుకంటే నా ఆటోమేటిక్ అప్పటికే రెండో గేరులో జారిపోతోంది, దాన్ని విప్పి బాగుచేసే మనిషి నాకు ఇక్కడ దొరకలేదు, పైగా నెలనెలా రాయచోటి వెళ్లే పని ఉంది. పాతదాన్ని గోనెపట్టాలో చుట్టి షెడ్డులో ఉంచాను, ఎప్పుడైనా బండి అమ్మితే కొనేవాడు అడగవచ్చు. ప్రొద్దుటూరులో మిత్రుడి దగ్గర బెంజి 230ఇ ఆటోమేటిక్ ఉంది. నా బండి నడిపి చూసి తానూ మార్పిస్తానన్నాడు. వద్దన్నాను. అతని గేర్‌బాక్సు ఇంకా వెన్నలా మారుతోంది, ఇంట్లో ఇద్దరూ నడుపుతారు, ఘాట్ ఎక్కేది ఎప్పుడో తిరుమలకు పోయినప్పుడే.