నాలుగు వానాకాలాల సైకిలు, ఒక కాటర్ పిన్ను

2021లో 5,800 రూపాయలకు కొన్న గేర్లు లేని సైకిలు మీద చిక్కడపల్లి నుంచి బంజారాహిల్స్‌లోని మా ఆఫీసుకు నాలుగేళ్ళుగా వెళ్ళి వస్తున్నాను. పోనూ రానూ 13 కిలోమీటర్లు. సెలవులూ, జ్వరాలూ, కుండపోత వానలు పడిన రోజులూ తీసేసినా ఇప్పటికి పదివేల కిలోమీటర్లు దాటి ఉంటాయి. చక్రం ఎన్ని అంగుళాలు, బరువెంత అన్న వివరాలు ఏ దుకాణంలో అడిగినా చెబుతారు కనుక వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా చెప్పను, ఎందుకంటే నా ఫిర్యాదు ఒక కంపెనీ మీద కాదు, ఈ ధరలో దొరికే చాలా సైకిళ్ళలో ఉండే ఒక చిన్న ఇనుప ముక్క మీద. దాని పేరు కాటర్ పిన్ను.

పెడలును ఇరుసుకు కలిపే ఇనుప చేతిని క్రాంకు అంటారు. కాస్త ఖరీదైన సైకిళ్ళలో ఇరుసు కొన నలుపలకగా ఉంటుంది, క్రాంకు దానిమీద బిగుసుకుని బోల్టుతో నిలబడుతుంది. చౌక సైకిళ్ళలో ఇరుసు గుండ్రంగా ఉండి, దానికి ఒక పక్క చిన్న గాడి కోసి ఉంటుంది. క్రాంకులోంచి అడ్డంగా ఒక చీలను ఆ గాడి మీదుగా దిగగొట్టి, అవతలి వైపు నట్టు పెడతారు. చిటికెన వేలంత లావు కూడా లేని ఆ చీలకు ఒక పక్క ఏటవాలుగా చెక్కిన ముఖం ఉంటుంది. తొక్కే మనిషి బలమంతా, ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి నిలబడితే ఒంటి బరువంతా, ఆ ముఖం మీదే పడుతుంది. మెత్తటి ఇనుము కాబట్టి అది కొన్నాళ్ళకు నలుగుతుంది. అప్పటి నుంచి పెడలు తిరిగినప్పుడల్లా కాలి కింద ‘టక్’మని ఒక చప్పుడు మొదలవుతుంది. చెవికి వినిపించే కంటే ముందే అరికాలికి తెలుస్తుంది.

ఆ చప్పుడుకు అర్థం నాకు మొదట తెలియదు. తొలి ఏడాది అంతా ఈ సైకిలును ఆఫీసులో తెగ పొగిడాను. మా ఇంటి దగ్గర మెట్రో స్టేషన్ ఉన్న మాట నిజమే గానీ, అది 2020లో మొదలైన జేబీఎస్, ఎంజీబీఎస్ బస్ స్టేషన్ల మధ్య మార్గం మీద ఉంది. ఆఫీసుకు పోవాలంటే ముందు దక్షిణంగా ఎంజీబీఎస్ దాకా వెళ్ళి, రైలు మారి, నాంపల్లి, లక్డీకాపూల్ మీదుగా మళ్ళీ ఉత్తరానికి రావాలి. ఇందిరా పార్కు, లోయర్ ట్యాంక్‌బండ్, సచివాలయం, ఖైరతాబాద్ దారిన సైకిలు తొక్కితే ముప్పై అయిదు నిమిషాల్లో చేరుతున్నానని, గాలి కొట్టించడం తప్ప ఖర్చే లేదని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. గణేశ్ నవరాత్రుల్లో ఖైరతాబాద్ వైపు వాహనాలను దారి మళ్ళించినప్పుడు కూడా నేను సైకిలును నడిపించుకుంటూ జనం మధ్యలోంచి పోయి వేళకు హాజరు వేశాను. ఆ ఖర్చు మాట మాత్రం ఇప్పుడు అంత గట్టిగా అనను.

2023 వానాకాలంలో ఒక ఉదయం పంజాగుట్ట దాటి రోడ్డు నంబరు 1లో ఎత్తు ఎక్కుతున్నాను. అప్పటికి పది రోజులుగా ఎడమ కాలి కింద చప్పుడు వస్తున్నా ఆదివారం చూద్దాంలే అని వాయిదా వేస్తున్నాను. వెనుక సిటీ బస్సు హారన్ కొడుతుండగా సీటు మీంచి లేచి బలంగా ఒక తొక్కు తొక్కేసరికి క్రాంకు ఇరుసు మీద గిర్రున జారింది. కాలు కిందికి పోయింది, మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది, సైకిలు ఫుట్‌పాత్ అంచుకు ఒరిగింది. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆఫీసు దాకా సైకిలును నెట్టుకుంటూ వెళ్ళాను, మోకాలి నొప్పి మూడు వారాలు ఉంది.

అసలు కథ ఆ తరువాత మొదలైంది. మొదటి దుకాణంలో కొత్త పిన్ను పెట్టి నట్టును స్పానరుతో బలంగా బిగించి పంపారు. తొమ్మిదో రోజున మళ్ళీ చప్పుడు. రెండో దుకాణంలో రెండు వైపులా పిన్నులు మార్చారు గానీ, రెండింటినీ ఒకే దిశలో దిగగొట్టారు. కుడి పిన్ను ఎటు నుంచి దిగితే ఎడమ పిన్ను దానికి ఎదురు దిక్కు నుంచి దిగాలి. లేకపోతే రెండు పెడళ్ళూ ఒకే గీతలోకి రావు. నా సైకిలు అలాగే తయారై, ఒక కాలు ఎప్పుడూ గుంటలో పడుతున్నట్టు, కుంటుతున్నట్టు నెల రోజులు నడిచింది. మూడోసారి నారాయణగూడ వైపు ఒక చెట్టు కింద పెట్టె పెట్టుకుని కూర్చునే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన పిన్నులు బయటికి లాగి, నలిగిన ముఖాన్ని గోటితో తడిమి చూసి, “నట్టు బిగిస్తె పిన్ను బిగవది సార్. పిన్ను కొట్టినంకనె నట్టు. నట్టు ఉన్నది అది ఊడకుండ ఆపనీకి” అన్నాడు.

ఆయన చేసిన పనిని నేను పక్కన గొంతుక్కూర్చుని చూశాను. కొత్త పిన్ను ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో నాలుగైదు సార్లు రుద్ది, గాడిలో పెట్టి చూసి, మళ్ళీ తీసి రుద్దాడు. అలా మూడు సార్లు చేసి, పిన్ను ఇరుసు మీద పూర్తిగా ఆనిందని నమ్మకం కుదిరాక, క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం ముక్కను నిలబెట్టాడు. ఆ ఆసరా లేకుండా సుత్తితో కొడితే దెబ్బ పోయి లోపలి బాల్ బేరింగుల మీద పడుతుందట. పై నుంచి నాలుగు దెబ్బలు, తరువాత నట్టు. మూడు రోజులు తొక్కాక మళ్ళీ రమ్మన్నాడు. ఆ రోజు మరో రెండు దెబ్బలు కొట్టి, వదులైన నట్టును సరిచేశాడు, డబ్బులు తీసుకోలేదు. అలా వేసిన పిన్నులు ఏడాదిన్నర నిలిచాయి. అంటే ఇన్నాళ్ళూ నేను తిట్టిన తప్పులో సగం పిన్నుది కాదు, దాన్ని వేసిన చేతిది. మిగతా సగం మాత్రం పిన్నుదే. ఇంత ఓపికగా, ఇంత తెలిసి వేస్తే తప్ప నిలవని భాగాన్ని రోజూ ఎక్కే బండిలో పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పెద్దాయన సలహా మీదే ఫ్రీవీలు, అంటే వెనుక చక్రానికి ఉండే పళ్ళ చక్రం, కూడా మార్పించాను. పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనుక దానికి 18 పళ్ళు ఉండేవి. ఇప్పుడు వెనుక 22 పళ్ళది వేశారు, చైనుకు ఒక లింకు కలిపారు. ఎత్తు మీద కాలికి పడే బలం స్పష్టంగా తగ్గింది, ఆ మేరకు పిన్ను మీదా తగ్గింది, లేచి నిలబడే అవసరం అరుదు. బదులుగా ట్యాంక్‌బండ్ దగ్గరి సమతలం మీద కాళ్ళు ఊరికే తిరుగుతుంటాయి, ఇంటి నుంచి మూడు నాలుగు నిమిషాలు ముందు బయలుదేరాలి. తిరుగు ప్రయాణంలో దిగుడు దారి కనుక పిన్ను ఊసే ఉండదు. అప్పుడు భయం బ్రేకుల గురించి. వానలో తడిసిన స్టీలు రిమ్మును బ్రేకు రబ్బర్లు ఒక పట్టాన పట్టవు.

వెనుక టైర్లు రెండు, చైను, ఫ్రీవీలు, పిన్నులు, బ్రేకు రబ్బర్లు, కూలీ కలిపితే నాలుగేళ్ళలో కొన్న ధరలో సగానికి కొంచెం పైనే ఖర్చయింది. బస్ పాస్‌తో పోల్చితే ఇప్పటికీ నాకు లాభమే. అయితే నా బరువు 58 కిలోలు, నా దారిలో గట్టి ఎత్తు ఒక కిలోమీటరు లోపే, ఆఫీసులో చొక్కా మార్చుకోవడానికి చోటుంది, అన్నింటికీ మించి చెట్టు కింద ఆ పెద్దాయన ఉన్నాడు. ఇవేవీ లేనివాళ్ళు, ముఖ్యంగా రోజూ జూబ్లీహిల్స్ గుట్టలు ఎక్కాల్సినవాళ్ళు, ఇంకో రెండు మూడు వేలు పెట్టి కాటర్ పిన్ను లేని సైకిలు కొనుక్కోవడమే మేలేమో. మా అబ్బాయి నన్నూ అదే చేయమంటున్నాడు. మొన్న మంగళవారం నుంచి కుడి కాలి కింద మళ్ళీ సన్నగా చప్పుడు మొదలైంది. సీటు కింద సంచిలో కొత్త పిన్నులు రెండు ఉన్నాయి, ఈసారి ఆదివారం దాకా ఆగదలుచుకోలేదు.